మొబైల్ అనువర్తనాల నిర్మాణం

మొబైల్ అనువర్తనాల నిర్మాణం అనగా చేతిఫోనులలోను, పలక కంప్యూటర్లలోను పనిచేసే సాఫ్టువేరును రూపొందించే ప్రక్రియ. ఇటువంటి సాఫ్టువేరును తెలుగులో అనువర్తనం అని, వాడుకలో యాప్ అని వ్యవహరిస్తారు. నేడు వాడుకలో ఉన్న ఫోనులలో దాదాపు అన్నీ గూగుల్ వారి ఆండ్రాయిడ్, ఆపిల్ వారి ఐఓఎస్ అనే రెండు నిర్వహణ వ్యవస్థలపై పనిచేస్తున్నాయి. భారతదేశంలో అత్యధిక భాగం ఫోనులు ఆండ్రాయిడ్‌వే. ఈ వ్యవస్థకు కావలసిన పనిముట్లు ఉచితంగా లభిస్తాయి కనుక కొత్తగా నేర్చుకొనేవారు సాధారణంగా దీనితోనే ఆరంభిస్తారు. ఈ వ్యాసం కూడా ప్రధానంగా ఆండ్రాయిడ్‌ను ఆధారంగా చేసుకొని తొలి మెట్లను వివరిస్తుంది.

చరిత్ర

మొదట్లో ఫోనుతో పాటు వచ్చిన సాఫ్టువేరు తప్ప వేరొకటి చేర్చుకొనే వీలు ఉండేది కాదు. 1997లో నోకియా 6110 ఫోనులో వచ్చిన పాము ఆట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 2000 తరువాత జావా భాషలో వ్రాసిన చిన్న చిన్న ఆటలను, అనువర్తనాలను ఫోనులోనికి దించుకొనే సౌకర్యం వచ్చింది. అదే కాలంలో సింబియన్, బ్లాక్‌బెర్రీ వంటి వ్యవస్థలు కూడా బయటి నిర్మాతలకు అవకాశం కల్పించాయి. కాని ఒక్కొక్క ఫోను తెర ఒక్కొక్క పరిమాణంలో ఉండటం, అనువర్తనాలను అమ్ముటకు ఒకే అంగడి లేకపోవడం వలన ఈ రంగం పరిమితంగానే ఉండిపోయింది.

2007 జూన్‌లో ఆపిల్ సంస్థ ఐఫోనును విడుదల చేసింది. 2008 జూలై 10న సుమారు 500 అనువర్తనాలతో యాప్ స్టోర్ ప్రారంభమైంది. 2003లో ఒక చిన్న సంస్థగా మొదలైన ఆండ్రాయిడ్‌ను 2005లో గూగుల్ కొనుగోలు చేసింది. 2007 నవంబరులో ఈ వ్యవస్థను ప్రపంచానికి ప్రకటించారు. ఆండ్రాయిడ్‌తో పనిచేసే మొదటి ఫోను, హెచ్‌టీసీ డ్రీమ్, 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అదే నెలలో తెరచిన ఆండ్రాయిడ్ మార్కెట్ అనే అంగడి 2012 మార్చిలో గూగుల్ ప్లే అని పేరు మార్చుకొంది. సింబియన్, విండోస్ ఫోన్, బ్లాక్‌బెర్రీ వ్యవస్థలు క్రమంగా కనుమరుగైనాయి.

భాషల విషయంలోనూ మార్పులు వచ్చాయి. ఆండ్రాయిడ్‌కు మొదట జావా ప్రధాన భాష. జెట్‌బ్రెయిన్స్ సంస్థ 2011లో వెల్లడించిన కాట్లిన్ భాషను గూగుల్ 2017లో అధికారికంగా ఆమోదించి, 2019లో దానికే ప్రథమ స్థానం ఇచ్చింది. ఐఫోనుకు ఆబ్జెక్టివ్-సీ స్థానంలో 2014లో స్విఫ్ట్ భాష వచ్చింది.

ముందుగా తెలిసి ఉండవలసినవి

అనువర్తనం నిర్మించడానికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదు. పదవ తరగతి స్థాయి గణితం, సరళమైన ఆంగ్లం చదివి అర్థం చేసుకొనే శక్తి, తప్పును ఓపికగా వెదకే అలవాటు ఉంటే చాలు. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనది. అనుభవజ్ఞులకు కూడా కోడు వ్రాయుటకు పట్టే కాలం కంటే తప్పులు దిద్దుటకు పట్టే కాలమే ఎక్కువ.

ఏ భాషను ఎంచుకొన్నా ఈ క్రింది ఐదు భావనలు తప్పనిసరిగా అవసరమవుతాయి:

చరరాశి: ఒక విలువను దాచి ఉంచే పేరు. కాట్లిన్‌లో మారని విలువకు ఒక విధంగాను, మారే విలువకు మరొక విధంగాను చరరాశిని ప్రకటిస్తారు.
షరతు: "మార్కులు 35 లేక అంతకు మించి ఉంటే ఉత్తీర్ణత, లేనిచో కాదు" వంటి నిర్ణయం.
ఆవృత్తి: ఒకే పనిని అనేక మారులు చేయించడం. ఎక్కాలు ముద్రించడం దీనికి సులభమైన అభ్యాసం.
ప్రమేయం: కొన్ని విలువలను తీసుకొని ఒక ఫలితాన్ని ఇచ్చే కోడు ముక్క. గణితంలోని ప్రమేయానికి ఇది దగ్గరగా ఉంటుంది.
జాబితా: ఒకే రకపు విలువలను వరుసగా ఉంచే అమరిక.

వీటిని ఫోను ప్రస్తావన లేకుండా, కేవలం కంప్యూటరుపై కొన్ని వారాలు అభ్యాసం చేయడం మేలు. ఇవి తెలియకుండా నేరుగా అనువర్తనంలోకి దిగినవారికి తప్పు భాషలో ఉన్నదో, ఫోనులో ఉన్నదో, పనిముట్టులో ఉన్నదో తెలియక నిరుత్సాహం కలుగుతుంది. చాలామంది మధ్యలోనే విడిచిపెట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

కావలసిన పనిముట్లు

ఆండ్రాయిడ్ స్టూడియో అనే ఉచిత సాఫ్టువేరు ప్రధాన పనిముట్టు. ఇది 2013లో ప్రకటించబడి, 2014 డిసెంబరులో తొలి పూర్తి రూపాంతరంగా విడుదలైంది. విండోస్, లినక్స్, మ్యాక్ కంప్యూటర్లపై పనిచేస్తుంది. కోడు వ్రాయడం, తప్పులను చూపడం, తెరలను అమర్చడం, అనువర్తనాన్ని ఫోనులోకి ఎక్కించడం అన్నీ దీనిలోనే జరుగుతాయి. కంప్యూటరులో కనీసం 8 గిగాబైట్ల ర్యామ్ ఉండాలి. కంప్యూటరు తెరపైనే ఒక కృత్రిమ ఫోనును నడిపే ఎమ్యులేటరును కూడా వాడదలచితే 16 గిగాబైట్లు ఉండటం మంచిది.

తక్కువ శక్తి గల కంప్యూటరు ఉన్నవారు ఎమ్యులేటరును విడిచి తమ ఫోనునే పరీక్షకు వాడుకోవచ్చు. ఫోను సెట్టింగులలో "ఫోను గురించి" అనే భాగంలోని బిల్డ్ నంబరుపై 7 మారులు నొక్కితే డెవలపర్ ఐచ్ఛికాలు ప్రత్యక్షమవుతాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగును అనుమతించి, తీగతో కంప్యూటరుకు కలిపితే చాలు. పరీక్ష ముగిసిన తరువాత ఈ అనుమతిని తీసివేయడం భద్రతకు అవసరం.

కోడు వ్రాయడం ఇంకా కష్టమనిపించే పాఠశాల విద్యార్థులకు యాప్ ఇన్వెంటర్ అనే మరొక మార్గం కలదు. 2010లో గూగుల్ ప్రవేశపెట్టిన ఈ పనిముట్టును 2012 నుండి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నిర్వహిస్తున్నది. రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి అతికించి అనువర్తనం తయారుచేయడం దీని ప్రత్యేకత. బ్రౌజరులోనే పనిచేస్తుంది కనుక శక్తివంతమైన కంప్యూటరు అక్కరలేదు.

ఐఫోనుకు అనువర్తనం నిర్మించాలంటే ఎక్స్‌కోడ్ అనే పనిముట్టు కావాలి. ఇది మ్యాక్ కంప్యూటరుపై మాత్రమే నడుస్తుంది. ఒకే కోడుతో రెండు వ్యవస్థలకు అనువర్తనాలు చేసే పద్ధతులూ ఉన్నాయి. 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబరులో గూగుల్ తొలి పూర్తి రూపాంతరంగా విడుదల చేసిన ఫ్లట్టర్ వీటిలో ముఖ్యమైనవి. వీటిలో మొదటిది జావాస్క్రిప్టును, రెండవది డార్ట్ అనే భాషను వాడుకొంటాయి.

అనువర్తనంలోని భాగాలు

ఒక ఆండ్రాయిడ్ ప్రాజెక్టును తెరవగానే అనేక ఫైళ్ళు కనబడి కొత్తవారిని భయపెడతాయి. వాటిలో ఆరంభంలో తెలియవలసినవి నాలుగే.

మొదటిది మానిఫెస్టు. ఇది అనువర్తనానికి గుర్తింపు పత్రం వంటిది. దీని తెరలు ఏవి, దీనికి ఏ అనుమతులు కావాలి అన్నది ఇందులో ఉంటుంది. ఇంటర్నెట్టును వాడుకొనే అనువర్తనం ఆ అనుమతిని ఇక్కడ ప్రకటించకపోతే ఎంత సరిగా వ్రాసినా పనిచేయదు.

రెండవది యాక్టివిటీ. ఫోను తెరపై కనబడి, వినియోగదారుని స్పర్శకు స్పందించే భాగమిది. దీనికి ఒక జీవితచక్రం ఉంటుంది: పుట్టడం, తెరపైకి రావడం, పక్కకు తొలగడం, ముగియడం. మధ్యలో ఫోను కాల్ వస్తే యాక్టివిటీ పక్కకు తొలగుతుంది. ఫోనును అడ్డంగా త్రిప్పినపుడు సాధారణంగా పాత యాక్టివిటీ నశించి కొత్తది పుడుతుంది. అందువలన అంతవరకు వ్రాసిన వివరాలు మాయం కావచ్చు. వాటిని ముందుగానే భద్రపరచే ఏర్పాటు చేయడం నిర్మాత బాధ్యత.

మూడవది వనరుల సంచయం. బొమ్మలు, రంగులు, తెరపై కనిపించే మాటలు ఇందులో ఉంటాయి. మాటలను కోడులో కలిపి వ్రాయక ఇక్కడ విడిగా ఉంచడం వలన తరువాత వేరొక భాషలోనికి మార్చుట తేలిక అవుతుంది.

నాలుగవది గ్రేడిల్ అనే నిర్మాణ వ్యవస్థ. కోడును, వనరులను, బయటి గ్రంథాలయాలను కలిపి ఫోనులో స్థాపించగల ఒకే మూటగా కట్టడం దీని పని. మొదటిసారి ప్రాజెక్టు తెరచినపుడు ఇది అవసరమైన ఫైళ్ళను దించుకొంటుంది కనుక చాలా సమయం పట్టవచ్చు.

తెరను అమర్చుటకు మునుపు ఎక్సెమ్మెల్ ఫైళ్ళను వాడేవారు. 2021 జూలైలో తొలి పూర్తి రూపాంతరంగా వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్ పద్ధతిలో తెరను కూడా కాట్లిన్ ప్రమేయాలతోనే వర్ణిస్తారు. కొత్తగా నేర్చుకొనేవారికి ఇప్పుడు గూగుల్ ఈ పద్ధతినే సూచిస్తున్నది. పాత పాఠాలలో మొదటి పద్ధతి, కొత్త పాఠాలలో రెండవ పద్ధతి ఉంటుంది కనుక ఒక పాఠాన్ని అనుసరించే ముందు అది ఏ కాలానిదో చూసుకోవాలి.

ఉదాహరణ: భూమి కొలతల అనువర్తనం

తొలి అనువర్తనం చిన్నదిగా, తనకు తెలిసిన విషయంపై ఉండాలి. అప్పుడే ఫలితం సరియైనదో కాదో తనంతట తాను తేల్చుకోగలుగుతారు. తెలుగు ప్రాంతాలలోని భూమి కొలతలు ఇందుకు అనువైన విషయం. ఆంధ్ర ప్రాంతంలో సెంట్లు, తెలంగాణలో గుంటలు వాడుకలో ఉన్నాయి. ఒక ఎకరం 4840 చదరపు గజాలకు సమానం. ఎకరానికి 100 సెంట్లు, అదే ఎకరానికి 40 గుంటలు. కనుక సెంటు 48.4 చదరపు గజాలు, గుంట 121 చదరపు గజాలు అవుతాయి.

ఈ అనువర్తనానికి ఒకే తెర చాలు. దానిపై సంఖ్యను వ్రాసే గడి, కొలతను ఎంచుకొనే జాబితా, "లెక్కించు" అనే మీట, ఫలితం చూపే చోటు ఉంటాయి. మీట నొక్కినపుడు కోడు మూడు పనులు చేయాలి: గడిలోని అక్షరాలను సంఖ్యగా మార్చడం, దానిని చదరపు గజాలలోనికి తేవడం, అక్కడినుండి కావలసిన కొలతలోనికి మార్చి చూపడం. అన్ని కొలతలకు చదరపు గజాన్ని మధ్యవర్తిగా ఉంచడం వలన ప్రతి జంటకు ఒక సూత్రం వ్రాయవలసిన పని తప్పుతుంది.

లెక్క సరిచూచుటకు ముందే కాగితంపై ఒక ఉదాహరణ చేసుకోవాలి. 2 ఎకరాల 15 గుంటలు అనగా 95 గుంటలు. 95ను 121తో గుణిస్తే 11,495 చదరపు గజాలు. దానిని 48.4తో భాగిస్తే 237.5 సెంట్లు. అనువర్తనం ఇదే ఫలితాన్ని చూపాలి.

ఇంత చిన్న అనువర్తనంలోనే కొత్తవారికి మూడు ముఖ్యమైన పాఠాలు ఎదురవుతాయి.

మొదటిది పూర్ణాంకాల భాగహారం. 100 చదరపు గజాలను గుంటలలోనికి మార్చుటకు పూర్ణాంకంగా ప్రకటించిన 100ను పూర్ణాంకమైన 121తో భాగిస్తే కాట్లిన్, జావా భాషలు 0 అని సమాధానమిస్తాయి. శేషాన్ని విడిచిపెట్టడమే దీనికి కారణం. దశాంశ సంఖ్యలుగా ప్రకటిస్తే 0.826 అని సరియైన ఫలితం వస్తుంది. అనువర్తనం ఆగిపోదు, హెచ్చరికా రాదు. తప్పు ఫలితాన్ని నిబ్బరంగా చూపుతుంది. ఆగిపోయే తప్పు కంటే ఇటువంటి తప్పు ప్రమాదకరమైనది. ఆ అంకెను నమ్మి ఎవరైనా స్థలం బేరం చేయవచ్చు.

రెండవది ఖాళీ గడి. ఏమీ వ్రాయకుండా మీట నొక్కితే అక్షరాలను సంఖ్యగా మార్చే ప్రయత్నం విఫలమై అనువర్తనం ఒక్కసారిగా మూతపడుతుంది. వినియోగదారుడు ఏమైనా వ్రాయవచ్చు, ఏమీ వ్రాయకపోవచ్చు అని ముందే ఊహించి, సరికాని సంఖ్యకు మర్యాదైన సందేశం చూపాలి.

మూడవది దశాంశాల కచ్చితత్వం. కంప్యూటరు ద్విసంఖ్యామానంలో లెక్కిస్తుంది కనుక 0.1, 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. అతి స్వల్పమైన తేడా ఉంటుంది. భూమి కొలతలలో ఫలితాన్ని రెండు లేక మూడు దశాంశాలకు సవరించి చూపితే సరిపోతుంది. డబ్బు లెక్కలలో మాత్రం రూపాయలను దశాంశాలుగా కాక పైసలను పూర్ణాంకాలుగా ఉంచుకోవడం సురక్షితం.

తెలుగు అనువర్తనాలు

ఆండ్రాయిడ్ తొలి రూపాంతరాలు గల ఫోనులలో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనబడేవి. 2014లో వచ్చిన 5.0 రూపాంతరంతో వ్యవస్థలోని మాటలకే తెలుగును ఎంచుకొనే వీలు కలిగింది. నేడు తెలుగులో అనువర్తనం చేయుటకు ప్రత్యేక ఖతులు అవసరం లేదు. కాని లిపి స్వభావం తెలియకపోతే కొన్ని చిక్కులు వస్తాయి.

యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించబడ్డాయి. ఇందులో హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు వేర్వేరు స్థానాలు ఉంటాయి. అందువలన "తెలుగు" అనే మాట కంటికి 3 అక్షరాలే అయినా కంప్యూటరు లెక్కలో 6. "స్త్రీ" ఒకే అక్షరంగా కనబడినా అందులో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక దీర్ఘపు గుర్తు కలిసి 6 ఉంటాయి. పదకేళి వంటి ఆట తయారుచేసేవారు మామూలు పద్ధతిలో అక్షరాలను లెక్కిస్తే గడులు తప్పుతాయి. మాటను వెనుకనుండి ముందుకు త్రిప్పితే గుణింతాలు వేరొక హల్లుకు అంటుకొని అర్థంలేని రూపం వస్తుంది. కంటికి కనబడే అక్షరాల సరిహద్దులను గుర్తించే సౌకర్యం ఆండ్రాయిడ్‌లో ఉన్నది. అయితే సంయుక్తాక్షరాన్ని విడదీయక ఒకటిగా చూడాలనే నియమం యూనికోడ్‌లోకి 2023 నాటి 15.1 రూపాంతరంలో వచ్చింది. పాత ఫోనులలో "స్త్రీ" మూడు ముక్కలుగా విడిపోవచ్చు. కనుక పాత ఫోనులలోనూ పరీక్షించడం అవసరం.

వత్తులు గీతకు క్రిందికి దిగుతాయి కనుక వరుస ఎత్తును స్థిరంగా పెడితే అవి తెగిపోతాయి. ఆంగ్లంలో చిన్నగా ఉండే మీట పేరు తెలుగులో పొడవు కావచ్చు కాబట్టి మీట వెడల్పును కూడా బిగించి పెట్టరాదు. "1 గుంట", "2 గుంటలు" అని ఏకవచన బహువచనాలను వేరుగా చూపుటకు వనరుల సంచయంలోనే ఏర్పాటు కలదు.

పరీక్షించడం

తాను వ్రాసిన అనువర్తనాన్ని తాను వాడినంత మాత్రాన పరీక్ష పూర్తయినట్లు కాదు. నిర్మాతకు ఏది ఎక్కడ నొక్కాలో తెలుసు. అనువర్తనం గురించి తెలియని ఒక వ్యక్తి చేతికి ఫోను ఇచ్చి, ఏమీ చెప్పకుండా గమనిస్తే లోపాలు బయటపడతాయి. చిన్న తెర, పెద్ద అక్షరాలు, ఇంటర్నెట్టు లేని చోటు, మధ్యలో వచ్చే ఫోను కాల్, తెరను అడ్డంగా త్రిప్పడం, ఈ ఐదు పరిస్థితులలో తప్పక పరీక్షించాలి.

అనువర్తనం హఠాత్తుగా మూతపడినపుడు ఆండ్రాయిడ్ స్టూడియోలోని లాగ్‌క్యాట్ అనే కిటికీలో కారణం ఎర్ర అక్షరాలలో కనబడుతుంది. ఆ సందేశం పొడవుగా ఉన్నా అందులో తాను వ్రాసిన ఫైలు పేరు, వరుస సంఖ్య ఎక్కడ ఉన్నాయో వెదికితే తప్పు ఉన్న చోటు చాలావరకు దొరుకుతుంది.

ప్రచురణ

గూగుల్ ప్లేలో ప్రచురించుటకు ఒక్కసారి 25 డాలర్ల రుసుము చెల్లించాలి. ఆపిల్ యాప్ స్టోర్‌కు ఏటా 99 డాలర్లు చెల్లించాలి. 2023 నవంబరు 13 తరువాత గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరచినవారు అనువర్తనాన్ని అందరికీ విడుదల చేసే ముందు కొందరితో వరుసగా 14 రోజులు పరీక్ష జరిపించాలి. మొదట 20 మంది కావలసి ఉండగా, 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించారు. స్నేహితులతోను, తోటి విద్యార్థులతోను ఈ బృందాన్ని ముందే ఏర్పరచుకోవడం మంచిది.

ప్రచురించిన తరువాత అనువర్తనపు గుర్తింపు పేరును మార్చలేరు. మార్చితే అది వేరొక అనువర్తనంగా లెక్కించబడుతుంది. అనువర్తనంపై నిర్మాత చేసే సంతకానికి ఒక రహస్య తాళపు ఫైలు ఉంటుంది. పూర్వం ఈ ఫైలు పోతే ఆ అనువర్తనానికి మరెప్పుడూ కొత్త రూపాంతరం ఇవ్వలేకపోయేవారు. 2021 ఆగస్టు నుండి కొత్త అనువర్తనాల అసలు తాళాన్ని గూగుల్ భద్రపరుస్తున్నది. నిర్మాత వద్ద ఉండే ఎక్కింపు తాళం పోయినా మరొకటి పొందవచ్చు. అయినప్పటికీ ఆ ఫైలును, దాని సంకేతపదాన్ని రెండు చోట్ల దాచుకోవడం, ఇతరులకు కనిపించే చోట ఉంచకపోవడం అవసరం.

గోప్యత

ఫోనులో మనిషి పరిచయాలు, ఫొటోలు, తిరిగే చోట్లు అన్నీ ఉంటాయి. అందువలన అనువర్తనం తన పనికి అవసరమైన అనుమతులను మాత్రమే అడగాలి. భూమి కొలతలు లెక్కించే అనువర్తనానికి పరిచయాల జాబితాతో పని లేదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి ముఖ్యమైన అనుమతులను అవసరం వచ్చినపుడు వినియోగదారుని అడిగి పొందవలసి ఉన్నది. అతడు నిరాకరించినా మిగిలిన భాగాలు పనిచేసేలా చూడాలి. భారతదేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం చేయబడింది. దీని ప్రకారం 18 సంవత్సరాలు నిండనివారి సమాచారాన్ని వాడుకొనుటకు తల్లిదండ్రుల లేక సంరక్షకుల సమ్మతి కావాలి. పాఠశాలల కోసం అనువర్తనాలు తయారుచేసే విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలి.

అభ్యాస క్రమం

స్థూలంగా ఈ క్రింది క్రమం కొత్తవారికి అనుకూలంగా ఉంటుంది:

1. కాట్లిన్ మూల భావనలు, ఎక్కాలు, మార్కుల సగటు వంటి చిన్న అభ్యాసాలు.
2. ఒకే తెర గల లెక్కల అనువర్తనం.
3. రెండు మూడు తెరలు, వాటి మధ్య సమాచారం పంపుకోవడం.
4. సమాచారాన్ని ఫోనులోనే భద్రపరచడం. ఇంటి ఖర్చుల పద్దు దీనికి మంచి ఉదాహరణ.
5. ఇంటర్నెట్టు నుండి సమాచారం తెచ్చుకొని చూపడం.
6. ప్రచురణ, వినియోగదారుల అభిప్రాయాలను బట్టి సవరణ.

గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ప్రాథమిక పాఠాలను ఉచితంగా అందిస్తున్నది. పాఠంలోని కోడును యథాతథంగా అతికించక స్వయంగా టైపు చేసి, ఒక్కొక్క వరుసను మార్చి ఫలితం ఎలా మారుతుందో చూడడం వలన విషయం నిలుస్తుంది. కృత్రిమ మేధ పనిముట్లు నేడు అడిగిన కోడును వెంటనే వ్రాసి ఇస్తున్నాయి. అయితే పైన చెప్పిన పూర్ణాంకాల భాగహారం వంటి తప్పును గుర్తించాలంటే ఆ కోడును చదివి అర్థం చేసుకొనే జ్ఞానం నేర్చుకొనేవారికి ఉండాలి. ముందు కాగితంపై లెక్క చేసుకొని, తరువాత తెరపై ఫలితాన్ని దానితో సరిచూసుకొనే అలవాటు ఈ విషయంలో ఎంతో తోడ్పడుతుంది.

ఇవి కూడా చూడండి

ఆండ్రాయిడ్
ఐఓఎస్
కాట్లిన్ ప్రోగ్రామింగు భాష
జావా ప్రోగ్రామింగు భాష
యూనికోడ్
తెలుగు లిపి